గాడిదకీ ఉన్నాయి మడతలు

మొన్న ఖరీఫ్ రోజుల్లో ఒక శుక్రవారం పొద్దున్నే అన్నయ్య ఫోన్ చేశాడు. ఖరీఫ్ అంటే ఇక్కడ పంట కాదు, వానాకాలం. ఒమన్ అంతా ఎండకి మాడిపోతుంటే జూన్ నెలాఖరు నుంచి సెప్టెంబరు దాకా ధోఫార్ కొండల మీద మాత్రం మంచూ, తుంపరా, పచ్చగడ్డీ. మా రైసూత్ సలాలాకి పడమటి శివారు. ఓడరేవు, సిమెంటు ఫ్యాక్టరీ, ఫ్రీజోను, కంటెయినర్ లారీలు... ఇవి తప్ప చెప్పుకోడానికేం లేదు. కానీ ఆ రెండున్నర నెలలూ కిటికీ తెరిస్తే మా భీమవరం ముసురే గుర్తొస్తుంది. అలాంటి ముసుర్లో కాఫీ కప్పు పట్టుకుని ఫోనెత్తాను.

"ఒరేయ్, శుభవార్త. పెద్దక్క కూతుర్ని మనవాడికే చేసుకుంటున్నాం. మాఘంలో పెట్టుకుందామనుకుంటున్నాం. నువ్వు ఇప్పట్నించే లీవు చూసుకో."

మనవాడంటే అన్నయ్య కొడుకు. ఇద్దరూ నేను ఎత్తుకు తిప్పిన పిల్లలే. ఇద్దరూ ఇంజనీర్లే. వాళ్ళకి ఇష్టమేనా అని అడిగితే "కాదనరు" అన్నాడు. పైగా పొలం గట్టు దాటదు కదా అని కూడా అన్నాడు.

"రెండో అక్క బాబు గుర్తున్నాడా అన్నయ్యా?" అన్నాను.

అవతల కాసేపు చప్పుడు లేదు. తరవాత, "అది గ్రహణం వల్ల వచ్చింది కదరా. దానికీ దీనికీ ఏంటి సంబంధం?" అన్నాడు. అన్నయ్య బీయస్సీ. అదీ జంతుశాస్త్రం.

ఆ రోజు నేను ఫోన్లో సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. గొంతు పెరిగింది, తను పెట్టేశాడు. అప్పుడు చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. కంప్యూటర్ సైన్సు చదువుకుని రేవుల్లో కంటెయినర్ల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ బాగుచేసుకుని బతికేవాణ్ణి. కానీ ఒక బాబు మెదడు ఫిల్ము ఇరవై రెండేళ్ళ వయసులో చూసినవాణ్ణి. అప్పట్నించీ ఆ విషయం మీద దొరికినదల్లా చదువుతూనే ఉన్నాను.

మా రెండో అక్కని మా అమ్మ సొంత తమ్ముడికే ఇచ్చారు. పెళ్ళయ్యాక ఆయన్ని మావయ్యా అని పిలవాలో బావా అని పిలవాలో మాకెప్పుడూ తేలలేదు. 2000 జనవరిలో బాబు పుట్టాడు. నాలుగు నెలలొచ్చినా మెడ నిలబెట్టలేదు. ఆరో నెలలో ఫిట్స్ మొదలయ్యాయి. నేనప్పుడు హైదరాబాదులో ఎమ్మెస్సీ చదువుతున్నాను కాబట్టి ఆస్పత్రికి నేనే వెంట వెళ్ళాను. ఎమ్మారై తీశారు. డాక్టరుగారు ఆ ఫిల్ముని లైటుపెట్టె మీద పెట్టి, పక్కన ఇంకో బిడ్డ ఫిల్ము పెట్టారు. ఆ బిడ్డ మెదడు అక్రోటు పప్పులా వంకరటింకర మడతలతో ఉంది. మా బాబుది పెంకు తీసిన కోడిగుడ్డులా నున్నగా ఉంది. ఆయన ఎక్కువ మాట్లాడలేదు. "మీది దగ్గర సంబంధమా?" అని మాత్రం అడిగారు. అక్క తల దించుకుంది.

బాబు ఆరేళ్ళు బతికాడు. మాట లేదు, కూర్చోవడం లేదు. అక్క గొంతు వినబడితే మాత్రం కళ్ళు అటు తిప్పేవాడు. 2006లో నిమ్ముజేసి పోయాడు. అక్క మళ్ళీ బిడ్డని కనలేదు.

ఈ ఆరేళ్ళూ మా ఇంట్లో చెప్పుకున్న కారణం ఒకటే. 1999 ఆగస్టు 11న సూర్యగ్రహణం పట్టింది. గుజరాత్ నుంచి శ్రీకాకుళం తీరం దాకా సంపూర్ణంగా, మా వైపు పాక్షికంగా, సాయంకాలం పూట. అక్కకి అప్పుడు నాలుగో నెల. తీగ మీద ఆరేసిన బట్టలు తియ్యడానికి పెరట్లోకి వెళ్ళింది. అంతే, నేరం రుజువైపోయింది! మా అమ్మే అన్నది ఆ మాట, కన్న కూతురితో. నేను అప్పుడు నోరు విప్పలేదు. ఆ సిగ్గు కూడా ఈ రాతలో ఉంది.

అన్నయ్యా, నాలుగో నెలలో ఏ బిడ్డ మెదడైనా దాదాపు నున్నగానే ఉంటుంది. నీదీ, నాదీ, ఐన్‌స్టీన్‌దీ. అప్పుడప్పుడే పక్కన ఒక లోతైన చీలిక మొదలవుతూ ఉంటుంది, అంతే. అసలు మడతలు పడేది ఆరో నెల నుంచి పుట్టే దాకా. కాబట్టి గ్రహణం నాటికి బాబు మెదడు నున్నగా ఉండటంలో వింతేం లేదు. ఆ తరవాత పడాల్సిన మడతలు ఎందుకు పడలేదన్నదే ప్రశ్న.

ఈ మడతల్లో ఉబ్బెత్తుగా ఉండేదాన్ని గైరస్ అంటారు, మధ్య గాడిని సల్కస్ అంటారు. సల్కస్ అన్న లాటిన్ మాటకి అర్థం నాగటి చాలు. కాబట్టి మనం గట్లూ చాళ్ళూ అనుకుంటే తప్పేం లేదు. మెదడు పైపొర మందం రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు, పెసరట్టంత. దాన్ని మడతలు విప్పి పరిస్తే దినపత్రిక పేజీ ఒకదానంత అవుతుంది. అంత పేజీని పుర్రెలో కుక్కాలంటే మడవక తప్పదు. మూడింట రెండు వంతులు చాళ్ళ లోపల కనపడకుండా ఉంటుంది. ఎలా మడత పడుతుందన్నదాని మీద 2016లో హార్వర్డులో మహదేవన్ అనే మన భారతీయుడూ, ఆయన సహచరులూ ఒక చక్కటి ప్రయోగం చేశారు. గర్భస్థ శిశువు ఎమ్మారై నుంచి అచ్చు తీసి, జెల్లీ లాంటి పదార్థంతో నున్నటి మెదడు బొమ్మ పోసి, దానికి పైపొర వేసి ద్రావకంలో ముంచారు. పైపొర లోపలిదానికంటే ఎక్కువ ఉబ్బింది. ఉబ్బడానికి చోటు చాలక మడతపడింది. ఆ మడతలు అచ్చం మనిషి మెదడు మీద వాటిలాగే వచ్చాయి. అంటే మడత కోసం ప్రత్యేకంగా ఒక శిల్పి అక్కర్లేదు. పైపొర సరిగ్గా పెరిగితే చాలు.

ఆ పైపొర పెరగడమే అసలు కథ. అక్కడి కణాలు అక్కడ పుట్టవు. మెదడు లోపలి గదుల గోడల దగ్గర పుట్టి, సన్నటి దారాల్లాంటి మార్గాల మీద పైకి పాకి, ఒక్కో వరసలో తమ చోటు వెతుక్కుంటాయి. ముఖ్యంగా మూడో నెల నుంచి ఆరో నెల దాకా జరిగే ఈ ప్రయాణాన్ని శాస్త్రజ్ఞులు వలస అనే అంటారు. ఈ పుస్తకంలో మనమందరం వలస గురించే రాసుకుంటున్నాం, కానీ మనందరి మొదటి వలస అది. ఆ వలస మధ్యలో ఆగిపోతే పొరలు ఏర్పడవు, గట్లు లేవవు. దానికి కారణమయ్యే జన్యువులు ఒక్కొక్కటే బయటపడ్డాయి. 1993లో లిస్1, 1998లో డబుల్‌కార్టిన్, 2000లో రీలిన్. 2004లో దొరికిన జీపీఆర్56 చెడితే మడతలు లేకపోవడం కాదు, చిన్నచిన్నవి లెక్కకు మించి గజిబిజిగా పడతాయి.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పాలి. నున్నటి మెదడుతో పుట్టే ప్రతి బిడ్డా మేనరికం బిడ్డ కాదు. లిస్1 లోపం చాలావరకు తల్లిదండ్రుల్లో లేకుండా కొత్తగా పుట్టుకొచ్చేదే. ఏ చుట్టరికమూ లేని దంపతులకీ రావచ్చు. కానీ రీలిన్, జీపీఆర్56 లాంటివి వేరు. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండు ప్రతులూ చెడితేనే జబ్బు. అందుకే అవి ఎక్కువగా దగ్గర సంబంధాలు చేసుకునే కుటుంబాల్లో బయటపడ్డాయి. మా బాబుకి ఏ జన్యువు చెడిందో ఎవరూ పరీక్షించలేదు. ఆ రోజుల్లో మాకు ఆ పరీక్ష అందుబాటులో లేదు. కానీ డాక్టరుగారు అడగాల్సిన ప్రశ్నే అడిగారు.

మా వృత్తి భాషలో చెప్తాను. ప్రకృతి ప్రతి జన్యువుకీ ఒక బ్యాకప్ పెట్టింది. ఒక ప్రతి పాడైతే రెండోది పని నడిపిస్తుంది. ఏ కుటుంబంలోనైనా పాడైన ప్రతులు కొన్ని ఉండనే ఉంటాయి, అందులో సిగ్గుపడాల్సిందేం లేదు. కానీ ఒరిజినలూ బ్యాకప్పూ ఒకే పాత డిస్కు నుంచి తీస్తే? ఆ పని చేసినవాణ్ణి ఏ కంపెనీలోనూ రెండో రోజు ఉంచరు. మనం దానికి మేళతాళాలు పెట్టి అప్పగింతలు చేస్తాం. మేనత్త మేనమామ పిల్లలు పెళ్ళి చేసుకుంటే, వాళ్ళ బిడ్డలో ఏదైనా ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం పదహారింట ఒకటి. మేనమామ మేనకోడలు అయితే ఎనిమిదింట ఒకటి. మా అమ్మానాన్నలదీ మేనరికమే. అంటే మా ఇంట్లో ఆ పాత డిస్కుని ఇప్పటికే రెండుసార్లు కాపీ చేశాం.

నా పక్క సీట్లో పనిచేసే ఒమానీ మిత్రుడు ధోఫారీ. మా ఇంటి గొడవ అతనికి చెప్పాను. అతను తన చిన్నాన్న కూతుర్నే చేసుకున్నాడు. ఒమన్ పెళ్ళిళ్ళలో సగానికి పైగా చుట్టరికంలోనో, అదే తెగలోనో జరిగినవేనని 2000లో అచ్చయిన ఒక అధ్యయనం చెప్పింది. చిన్నాన్న కూతురంటే మనకి చెల్లెలు. మొదటిసారి విన్నప్పుడు నేను లోపల్లోపల చెవులు మూసుకున్నాను. మా రెండో అక్క పెళ్ళి సంగతి చెప్పినప్పుడు అతను నిజంగానే చెవులు మూసుకున్నాడు. "సొంత అక్క కూతుర్నా? అస్తగ్‌ఫిరుల్లా!" వాళ్ళ మతంలో అది నిషిద్ధం. మనకి అతని పెళ్ళి ఘోరం, అతనికి మన పెళ్ళి ఘోరం. జన్యువుకి మాత్రం పెదనాన్న, మేనత్త, వరస, గోత్రం ఏవీ తెలియవు. చిన్నాన్న కూతురైనా మేనత్త కూతురైనా లెక్క అదే పదహారింట ఒకటి. అక్క కూతురైతే దానికి రెట్టింపు. కానీ ఒక తేడా ఉంది. అతను పెళ్ళికి ముందు ఇద్దరికీ రక్తపరీక్ష చేయించుకున్నాడు. సౌదీలో 2004 నుంచి పెళ్ళికి ముందు సికిల్‌సెల్, తలసీమియా పరీక్షలు తప్పనిసరి. మస్కట్ రాయల్ హాస్పిటల్ దగ్గర జాతీయ జన్యు కేంద్రమే ఉంది. వీళ్ళని చూసి "తెగలూ, తలపాగాలూ" అని నవ్వుకునే మనవాళ్ళని నేను చాలామందిని చూశాను. మన దగ్గరేమో 1955 హిందూ వివాహ చట్టం దగ్గరి రక్తసంబంధాలు వద్దంటూనే, ఆచారం ఉంటే సరేనని తలుపు తీసిపెట్టింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో కూడా ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు నాలుగో వంతు పెళ్ళిళ్ళు చుట్టరికంలోనివే.

అన్నయ్య ఫోన్ పెట్టేసే ముందు అన్న ఆఖరి మాట ఇది: "మనమూ మేనరికం పిల్లలమే కదరా. మన బుర్రలకేం తక్కువైంది? నీకు ఎంసెట్‌లో ర్యాంకు రాలేదా?"

మొదటి సగం నిజమే. దగ్గర సంబంధంలో పుట్టే పిల్లల్లో నూటికి తొంభైమందికి పైగా ఆరోగ్యంగానే ఉంటారు. ఏ దంపతులకైనా నూటికి రెండు మూడు జననాల్లో తీవ్రమైన లోపాలుంటాయి. మేనత్త మేనమామ పిల్లల పెళ్ళిలో ఇంకో రెండు మూడు కలుస్తాయి. చిన్న అంకె లాగే ఉంది. మా రేవులో నూటికి ఐదు కంటెయినర్లు నీళ్ళపాలైతే ఎవరైనా తొంభై ఐదు చూసి సంతోషిస్తారా? ఆ ఐదులో మనకి ఇప్పటికే ఒకటి వచ్చింది. అంటే ఏదో ఒక లోపం మన రక్తంలో తిరుగుతూ ఉండవచ్చని తెలిసిన కుటుంబం మనది. మనకి ఆ సగటు లెక్క కూడా వర్తించదు.

నాకు ఒళ్ళు మండించింది ఆ రెండో సగం, ర్యాంకు.

మన తెలుగువాళ్ళకి బుర్ర మీద ఉన్నంత మోజు ఇంక దేని మీదా లేదు. డాలర్లు, రియాళ్ళు అన్నీ దాని మహిమే అంటాం. మేధావుల వలస అని మనకి మనమే బిరుదిచ్చుకున్నాం. పిల్లవాడు లెక్క తప్పు చేస్తే "నీ బుర్రలో మట్టుందిరా" అంటాం, లేకపోతే "గాడిదా" అంటాం. మడతలెక్కువుంటే తెలివెక్కువ అని కూడా ఎవరో చెప్తే పట్టుకున్నాం. ఈ మాట చాలా పాతది. క్రీస్తుకు మూడు వందల ఏళ్ళ ముందే ఎరసిస్ట్రాటస్ అనే గ్రీకు వైద్యుడు, మనిషి మెదడు మీద మడతలు జంతువులకంటే ఎక్కువ, అందుకే మనిషికి తెలివి అన్నాడు. ఆ తరవాత నాలుగైదు వందల ఏళ్ళకి గాలెన్ వచ్చి ఒక్క ముక్కతో ఆ గాలి తీసేశాడు: గాడిద మెదడుకీ బోలెడు మడతలున్నాయి కదా, మరి దాని సంగతేమిటి? అన్నయ్య జంతుశాస్త్రం పుస్తకంలో ఈ ముక్క ఉందో లేదో తెలియదు. ఆదివారం మాంసం కొట్లో మేక భేజా చూడండి, దానికీ ఉన్నాయి గట్లూ చాళ్ళూ. డాల్ఫిన్‌కైతే మనకంటే ఎక్కువున్నాయి. మా ఆఫీసు క్యాంటీను వెనక తిరిగే కాకి మెదడు నున్నన. అది మాత్రం టిఫిన్ డబ్బా మూత తీసుకుని తింటుంది.

గొప్పవాళ్ళ మెదళ్ళు దాచుకుని వెతికినవాళ్ళూ ఉన్నారు. గణితశాస్త్రజ్ఞుడు గాస్ 1855లో పోతే గోటింగెన్‌లో ఆయన మెదడు సీసాలో పెట్టారు. మడతలు ఎంత దట్టంగా ఉన్నాయో అని మెచ్చుకున్నారు. అదే ఏడాది, అదే ఊళ్ళో ఫుక్స్ అనే వైద్యుడు కూడా పోయాడు, ఆయన మెదడూ సీసాలో పెట్టారు. 2013లో తేలిందేమిటంటే, ఆ రెండు సీసాలూ ఎప్పుడో తారుమారైపోయాయి. అప్పటిదాకా గాస్ మెదడని స్కాన్లు తీసినది ఫుక్స్‌గారిది! ఎవరికీ అనుమానమైనా రాలేదు. ఐన్‌స్టీన్ 1955లో పోతే శవపరీక్ష చేసిన డాక్టరు మెదడు తీసుకెళ్ళి 240 ముక్కలు చేశాడు. దాని బరువు 1230 గ్రాములు, సగటు మగవాడి మెదడుకంటే తక్కువే. 1999లో ఒక పరిశోధక బృందం పక్క భాగంలో గట్టు కాస్త వెడల్పుగా ఉందంది. అలాంటి గట్టున్నవాళ్ళు సాపేక్ష సిద్ధాంతం రాయకుండా ఎంతమంది పోయారో ఎవరు వెతికారు? మనుషుల్లో మడతలకీ తెలివికీ కొంచెం సంబంధం కనిపించిందనే అధ్యయనాలు లేకపోలేదు. కానీ ఎమ్మారై చూసి ఫలానావాడికి ర్యాంకొస్తుందని చెప్పగలిగే మొనగాడు లేడు.

అయినా సరే, ఆ మోజుని అమ్ముకునేవాళ్ళకి కొదవ లేదు. ఇదే అన్నయ్య 2013లో, ఇదే కొడుక్కి పన్నెండేళ్ళప్పుడు, మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్ అనే కోర్సుకి ఇరవై వేలు కట్టాడు. రెండు వారాంతాలు. ఆఖరి రోజు పిల్లలు కళ్ళకి గంతలు కట్టుకుని రంగులు చెప్తుంటే తల్లిదండ్రులు కన్నీళ్ళు పెట్టుకున్నారట. మిడ్‌బ్రెయిన్ అంటే రెండు సెంటీమీటర్ల పొడవుండే చిన్న ముక్క, మెదడు కాండం పైభాగం. అది అందరికీ పుట్టినప్పట్నించీ పనిచేస్తూనే ఉంటుంది. దాన్లో కొన్ని కణాలు చచ్చిపోతే పార్కిన్సన్ జబ్బొస్తుంది. దాన్ని స్విచ్చేసి వెలిగించేవాడు ఇంకా పుట్టలేదు. ఆ సెలవుల్లో నేను వెళ్ళినప్పుడు మావాడిని మేడ మీదకి తీసుకెళ్ళి అడిగాను. "బాబాయ్, ముక్కు పక్క సందులోంచి కనిపిస్తుంది. నాన్నకి చెప్పకు" అన్నాడు. చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను.

ఇరవై వేలు పోసి వెలిగించుకోడానికి సిద్ధంగా ఉన్న మనకి, మెదడు తయారయ్యేటప్పుడు చెయ్యాల్సిన చవక పనులంటే మాత్రం ఎక్కడలేని అనుమానం. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికా వలస వెళ్ళి, లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. బిడ్డ కడుపున పడిన 28 రోజుల లోపల మెదడూ వెన్నుపామూ అయ్యే గొట్టం మూసుకోవాలి. ఫోలిక్ ఆమ్లం చాలినంత ఉంటే అది మూసుకోకుండా పోయే లోపాలు బాగా తగ్గుతాయి. అలాంటి బిడ్డని ఒకసారి కన్న తల్లులకి ముందునుంచే ఇస్తే నూటికి డెబ్భైకి పైగా తగ్గాయని 1991లో బ్రిటన్‌లో తేల్చారు. ఒమన్ 1990ల్లోనే గోధుమపిండిలో ఇనుమూ ఫోలిక్ ఆమ్లమూ కలపడం మొదలుపెట్టింది, వెన్నుగొట్టం మూసుకోని బిడ్డల సంఖ్య తగ్గింది. నేను ఇక్కడ తినే రొట్టెలో మా ఊరాయన ఉన్నాడు. మా ఊళ్ళోనో? రేషన్ బియ్యంలో వంద గింజలకి ఒక బలవర్ధక గింజ కలుపుతుంటే, "ప్లాస్టిక్ బియ్యం" అని చేటలో పోసి ఏరి పారేస్తున్నారు. 1995లో సుబ్బారావుగారి పేర తపాలా బిళ్ళ వేశారు, గర్వపడ్డాం. ఆయన మాత్ర మాత్రం మూడో నెలలో డాక్టరు రాస్తే మొదలుపెడతాం, గొట్టం మూసుకునే గడువు దాటిన ఎన్నో వారాలకి. (ఫోలిక్ ఆమ్లం మా బాబుని కాపాడేది కాదు. వాడి లోపం అంతకు తరవాతి దశది. రెండూ కలిపి గందరగోళం చెయ్యడం నా ఉద్దేశం కాదు.)

ఇంకొక్కటి. మన కోచింగ్ సెంటర్ల బ్యానర్ల మీద సత్య నాదెళ్ళ ఫొటో చూస్తూ ఉంటాం. ఆయన 2017లో వచ్చిన తన పుస్తకం హిట్ రిఫ్రెష్‌లో, కడుపులో ఉండగానే ఊపిరందక సెరిబ్రల్ పాల్సీతో పుట్టిన కొడుకు గురించి, ఆ కొడుకు తనని ఎలా మార్చాడన్న దాని గురించి రాసుకున్నాడు. ఆ అబ్బాయి 2022లో పోయాడు. ఆ పేజీ ఏ బ్యానరు మీదా ఉండదు. మన దగ్గర అలాంటి పిల్లలు లోపలి గదిలో ఉంటారు. చుట్టాలొస్తే తలుపు దగ్గరగా వేస్తారు. మా ఇంట్లోనూ వేశారు. ఆ పిల్లవాడి తల్లి గ్రహణం నేరం మోస్తూ ఉంటుంది, పెళ్ళి కుదిర్చిన పెద్దలు పెద్దలుగానే ఉంటారు.

అన్నయ్యా, నేను పెళ్ళి చెడగొట్టడానికి చూస్తున్నానని నువ్వు అందరికీ చెప్తున్నావట. నిజమే, చూస్తున్నాను. ఈ సంబంధం వద్దని నా అభిప్రాయం. పిల్లలిద్దరూ నిజంగా కావాలనుకుంటే, "కాదనరు" కాదు, వాళ్ళ నోటితో వాళ్ళు కావాలంటే, అప్పుడు నేను ఎదురు నిలబడను. కానీ ముహూర్తానికి ముందు ఇద్దర్నీ హైదరాబాదు తీసుకెళ్ళు. నిమ్స్‌లో వైద్య జన్యుశాస్త్ర విభాగం ఉంది, బేగంపేటలో ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ళ జన్యు వ్యాధుల ఆస్పత్రి ఉంది. మన వంశవృక్షం కాగితం మీద గీసి, ఎవరు ఎవర్ని చేసుకున్నారో, ఎవరికి ఏ బిడ్డ పోయిందో అన్నీ రాసి పట్టుకెళ్ళు. ఇద్దరిలోనూ ఉమ్మడిగా ఏ లోపాలున్నాయో ఇప్పుడు రక్తంలో చూడగలరు. అన్నీ దొరకవు, దొరకనిది లేదని కాదు. ఖర్చు నేను పెట్టుకుంటాను. జాతకాలు చూపించడానికి పాలకొల్లు వెళ్ళినవాడివి, దీనికి హైదరాబాదు వెళ్ళలేవా? పొలం గట్టు గురించి నీకు బెంగ అయితే, నా వాటా మీద నాకు ఆశ లేదు, రాసిచ్చేస్తాను.

ఇదంతా రాసి పూర్తిచేసిన రాత్రి రెండో అక్క తణుకు నుంచి ఫోన్ చేసింది. ఎవరు చెప్పారో, విషయం తెలిసింది. బాబు పోయిన ఇన్నేళ్ళలో అక్క నాతో వాడి మాట ఎత్తలేదు. కాసేపు ఇక్కడి వానల గురించి అడిగింది. తిన్నావా అంది. తరవాత అంది:

"ఆ ఫిల్ము నా బీరువాలోనే ఉందిరా. బట్టల కింద. రెండూ చుట్టి పెట్టాను, ఆ డాక్టరుగారు పక్కన పెట్టి చూపించిన ఇంకో పాపది కూడా పొరపాటున మన కవర్లోనే వచ్చేసింది. అన్నయ్యకి చూపించనా?"

చూపించక్కా అన్నాను. పొద్దున్న బస్సుకి వెళ్తానంది.